చేతిని బట్టి వాచీ

మా నాయనగారు బొగ్గుగని వుద్యోగానికి కరీంనగరునుండి సాస్తి వచ్చారు. 1956 దాకా యీ రాజురా తాలూకా హైదరాబాదు రాష్ట్రంలోనిదే కనుక, మనవాళ్లకిది మరీ పరాయి వూరేమీ కాదు. ఆయన చేతికి చివరివరకూ ఒకటే వాచీ, హెచ్.యం.టి. జనతా. జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగుళూరులో మొదలైన కర్మాగారపు సరుకు. పొద్దున్నే దానికి కీ ఇవ్వనిదే ఆయన టీ ముట్టేవారు కారు.

ఆయన పోయిన తరువాత ఆ వాచీ మాకా, తమ్ముడికా అన్న మాట యింట్లో పైకి యెవరూ అనలేదు. అనకపోవడమే యిబ్బందిగా వుండేది. హెచ్.యం.టి. వాచీల సంస్థను మూసివేయడానికి కేంద్ర మంత్రివర్గం 2016 జనవరిలో ఆమోదించింది. అచ్చం ఆనాటిదే యింకొకటి తెద్దామన్నా అయ్యే పని కాదు. చివరకు అన్నదమ్ములం చెరొక ఆటోమేటిక్ కొనుక్కున్నాము. జేబుకు అందిన వాటిలో మాకు నచ్చినవి రెండు: 7ఎస్26 యంత్రమున్న సీకో 5, 8200 యంత్రమున్న సిటిజన్.

ఆటోమేటిక్‌కు బ్యాటరీ వుండదు. లోపల అర్ధచంద్రాకారపు బరువొకటి చేయి కదిలినప్పుడల్లా తిరిగి స్ప్రింగును చుడుతుంది. కాగితం మీద యీ రెంటికీ తేడా వెతకడం కష్టమే. రెంటిలోనూ 21 రాళ్లు, గంటకు 21,600 కొట్లు, అంటే సెకనుకు ఆరు. స్ప్రింగు నిండా చుట్టుకుంటే నలభై గంటలు నడుస్తాయి. రోజుకు 20 సెకన్లు వెనకబడినా, 40 సెకన్లు ముందుకు పోయినా తయారీదారుల లెక్కలో తప్పు కాదు. పైగా సీకోవారు ఆ లెక్క చెప్పేది 5 నుండి 35 డిగ్రీల వేడిలో. మా చంద్రపూరు జిల్లా యెండలు 45 దాటుతాయి కనుక వేసవిలో వాచీని తిట్టేముందు కాస్త ఆగాలి.

అసలు తేడా కీ దగ్గర వున్నది. సీకో 5 బొడిపె నాలుగు అంకె దగ్గర, లోపలికి వొదిగి చిన్నగా వుంటుంది. 7ఎస్26కు చేతితో కీ ఇవ్వడం కుదరదు. టైము, తేదీ, వారం మార్చుకోవడానికే ఆ బొడిపె. సిటిజన్ 8200కు కీ ఇవ్వవచ్చు.

మేము అందం చూసి సీకో తీసుకున్నాము. వారాల పేర్లు యింగ్లీషుతోబాటు స్పానిషులోనూ వున్నాయి. సోమవారానికి 'లూన్' అట! తెలుగు, మరాఠీ, హిందీ చాలనట్టు నాలుగో భాష. కాని మాది గుమాస్తా చేయి. రోజంతా రిజిస్టరు మీద ఆనించి వుంటుంది. స్ప్రింగు సగమైనా చుట్టుకోదు. శనివారం సాయంత్రం తీసిపెడితే సోమవారం పొద్దుటికి ఆగి వుండేది. దానిని వూపి, టైము దిద్ది, వారం తిప్పి ఆఫీసుకు పరుగు. తప్పు వాచీది కాదు, మా కుర్చీది.

తమ్ముడు డంపరు ఆపరేటరు. స్టీరింగు తిప్పే చేతికి వాచీ ఆగిన రోజు లేదు.

"అన్నా, దీనికి నేను ఒక్కనాడన్న కీ ఇయ్యలే. గది నాకెందుకు? మార్చుకుందాం పా" అన్నాడు.

మార్చుకున్నాము. యిప్పుడు పొద్దున్నే మేమూ కీ ఇస్తున్నాము, నాయనగారి మాదిరిగానే. రాత్రి షిఫ్టువారికొక మాట: రాత్రి తొమ్మిదికీ తెల్లవారుజామున నాలుగుకూ మధ్య తేదీ తిప్పకండి, ఆ వేళ తేదీ పళ్లచక్రాలు పనిలో వుంటాయి, విరిగితే ఖర్చు.

బొడిపె లాగినా యీ రెంటిలో సెకన్ల ముల్లు ఆగదు. 2019లో వచ్చిన సీకో 5 స్పోర్ట్స్‌లోని 4ఆర్36కు కీ ఇవ్వవచ్చు, ముల్లూ ఆగుతుంది. ధర కూడా ఆ మేరకు పైనే. 7ఎస్26 కావాలంటే పాత సరుకే వెతకాలి. కొనేముందు వెనుక మూత మీది నంబరు చూడండి. మెరిసే డయలును నమ్మకండి.

జనతా అమ్మ దగ్గర వున్నది. పొద్దున దీపం పెట్టి దానికి కీ ఇస్తుంది. టైము మాత్రం మమ్మల్నే అడుగుతుంది.