కారు దారిలో ఆగిపోతే



గ్యాసు అయిపోవచ్చినప్పుడు పొయ్యి ఎలా ఆరుతుందో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. మంట చిన్నబోతుంది, రెపరెపలాడుతుంది, ఉందా లేదా అనిపించి ఆరిపోతుంది. కరెంటు పోయినప్పుడో? టప్పున చీకటి. ఈ తేడా తెలిసిన ఇల్లాలికి పాత కారు ఎందుకు మొరాయిస్తోందో సగం తెలిసినట్టే. బండి దగ్గి, కుదుపులిచ్చి, నీరసించి ఆగితే చాలావరకు పెట్రోలు అందలేదని అర్థం. హాయిగా పోతున్నది స్విచ్ కట్టేసినట్టు ఒక్కసారిగా ఆగితే కాయిలు, పాయింట్లు, వైర్లు, అంటే కరెంటు వైపు చూడాలి.

నేను చెప్పేది కార్బురేటరు ఉన్న కార్ల సంగతి. అంబాసిడరు, పద్మిని, 1983లో వచ్చిన మారుతి 800 తొలి బళ్ళు ఇప్పటికీ కొందరి ఇళ్ళలో పెద్దల గుర్తుగా ఉన్నాయి కదా! ఇంజెక్షను పద్ధతి వచ్చిన తర్వాతి కార్ల లెక్క వేరు.

మామగారు 1986లో కొన్న కారు మా ఇంట్లో ఉంది. ఓ ఎండాకాలం అత్తగారిని కళ్ళ డాక్టరుకు చూపించడానికి తీసుకెళ్తుంటే, సరిగ్గా రైలు గేటులో, పట్టాల మీద ఆగింది. "దిగండి అత్తయ్యా" అని ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని అవతలికి చేర్చాను. గేటు దగ్గరి మనిషి, ఇద్దరు కుర్రాళ్ళు కలిసి బండిని తోశారు. ఆ నిమిషంలో రైలు రాలేదు, అదే అదృష్టం. అలాంటి చోట ముందు మనుషులు దిగాలి, గేటుమనిషికి చెప్పాలి. బండి సంగతి తర్వాత.

మెకానిక్కు కార్బురేటరు విప్పి కడిగాడు. వారానికి మళ్ళీ ఆగింది. పెట్రోలు పంపు మార్చాడు. మళ్ళీ ఆగింది. "ఇక అమ్మేద్దాం" అన్నారు మావారు. అప్పుడు నేను పాలలెక్క పుస్తకం వెనక పేజీలో బండి ఎప్పుడెప్పుడు ఆగిందో రాయడం మొదలుపెట్టాను. బయల్దేరిన అరగంటకే ఆగుతోంది. ట్యాంకు నిండుగా ఉన్న రోజు ఇంకా త్వరగా ఆగుతోంది. కాసేపు వదిలేస్తే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతోంది. నాలుగోసారి ఆగినప్పుడు వెళ్ళి ట్యాంకు మూత తిప్పాను. 'స్స్' మంటూ గాలి లోపలికి పీల్చుకుంది. వెంటనే బండి కదిలింది!

నూనె డబ్బాకు ఒక్క కన్నమే పెట్టి వంచితే ధార ఆగి ఆగి పడుతుంది, చూశారా? రెండో కన్నం పెడితేనే గాలి వెళ్ళి నూనె సాఫీగా వస్తుంది. పెట్రోలు ట్యాంకుకూ గాలి వెళ్ళే దారి ఉండాలి. పాత మూత పోయిందని మేం బజార్లో వేరేది కొని బిగించాం. దానికి ఆ దారి లేదు. పంపు పెట్రోలు లాగేకొద్దీ ట్యాంకులో గాలి పలచబడి, చివరికి పంపుకు లాగే శక్తి చాలలేదు. సరైన మూత వేసేసరికి జబ్బు పోయింది. ఆ మూత ఖరీదు, మేం అంతకుముందు పెట్టిన ఖర్చు పక్కపక్కన రాయాలంటే నాకే సిగ్గేసింది.

మూత తీసినా కదలక, బాగా చల్లారాకే స్టార్టయితే? మన ఎండలకు పంపులోనో గొట్టంలోనో పెట్రోలు ఆవిరై అడ్డుపడి ఉండవచ్చు. ఇంజను ఆపి, పంపు మీద తడిగుడ్డ వేసి పావుగంట నీడన ఉండండి. నీళ్ళు కుమ్మరించకండి, వైర్లు తడుస్తాయి. వేడికి కాయిలు చచ్చుబడినా ఇలాగే అవుతుంది. కాకపోతే అప్పుడు ముందు దగ్గు ఉండదు, టప్పున ఆగుతుంది.

పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఆగితే చోకు లాగాలి. వేడెక్కాక లోపలికి నెట్టడం మరిచిపోతే నల్లపొగ, పెట్రోలు వాసన. చోకు నాబుకు చేతిసంచీ తగిలించే అలవాటున్న వాళ్ళని నేనెరుగుదును. సంచీ బరువుకి చోకు బయటికే ఉండిపోతుంది, పెట్రోలు మాత్రం మంచినీళ్ళలా తాగుతుంది! పరిగెత్తేటప్పుడు బాగుండి సిగ్నలు దగ్గర మాత్రం ఆగుతుంటే కార్బురేటరులోని చిన్న జెట్టులో చెత్త పడిందేమో, లేదా ఏ గొట్టమో చీలి గాలి పీలుస్తోందేమో చూడమనండి. యాక్సిలరేటరు తొక్కగానే ఒక్క క్షణం నీరసించి తర్వాత అందుకుంటే, తొక్కినప్పుడు కాస్త ఎక్కువ పెట్రోలు చిమ్మే చిన్న పంపు కార్బురేటరులోనే ఉంటుంది, అది పాడై ఉండవచ్చు.

ఈ పరీక్షలు షెడ్డు తలుపులు మూసి చెయ్యకండి. పొగలోని విషవాయువుకి వాసన ఉండదు. పెట్రోలు వాసన గుప్పుమంటే తాళం తిప్పనే వద్దు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. పాతకాలపు రబ్బరు గొట్టాలు దీనికి మెత్తబడో పగిలో కారవచ్చు. ఒకసారి బానెట్ ఎత్తి, చల్లారిన ఇంజను దగ్గర గొట్టాలన్నీ చేత్తో నొక్కి చూడండి. జిగటగా ఉన్నా, బీటలు కనిపించినా కొత్త పెట్రోలుకు తట్టుకునే రకం గొట్టం వేయమని అడిగి మరీ వేయించండి.

మా బండి మళ్ళీ ఆగలేదు. అత్తగారు మాత్రం రైలు గేటు కనిపిస్తే చాలు, "ఆగవే, నేను నడిచి దాటుతాను" అంటున్నారు.