రంగు ముందు... పూత తరవాత!

ఉదయగిరి చెక్క గరిటెలకు వేరే సింగారం అక్కర్లేదు. నర్ది, బిక్కి... ఏ కర్రతో చేస్తే దాని సొంత రంగే అందం. కానీ ఇంటి దగ్గరే పడవ చేసుకోవాలనుకునేవాళ్ల చేతికొచ్చేది పాలిపోయిన ప్లైవుడ్. దానికి టేకు కళ రావాలంటే రంగు పట్టించాల్సిందే. అసలు చిక్కు అక్కడే. ఆ రంగు కుదరకపోతే చెడేది అందం ఒక్కటే కాదు, నీళ్లను ఆపే పూత కూడా!

ఉదయగిరి నుంచి ఆత్మకూరు మీదుగా వస్తే సంగం. పెన్నలో బీరాపేరు, బొగ్గేరు కలిసే చోటు. 2022లో ఇక్కడ కొత్త బ్యారేజీ ప్రారంభమైంది. నిండుగా ఉన్న నీళ్లను చూస్తే ఎవరికైనా చిన్న పడవ ఉంటే బాగుండుననిపిస్తుంది. అనుమతి, లైఫ్ జాకెట్ లేకుండా దిగకూడదనుకోండి, అది వేరే సంగతి.

ఇంట్లో పడవేంటి అని నవ్వనక్కర్లేదు. మన తూర్పుతీరంలో మేకన్నదే వాడకుండా పలకల్ని కొబ్బరితాడుతో కుట్టి పడవలు చేసేవారు. అల కొడితే విరగకుండా ఒదిగిపోయే వీటినే ఇంగ్లిషువాళ్లు మసులా పడవలన్నారు. 1960ల్లో బ్రిటన్‌లోనూ అలాంటి కుట్టుపనే మొదలైంది. ప్లైవుడ్ ముక్కల్ని రాగితీగతో కుట్టి, అతుకుల మీద ఫైబర్‌గ్లాసు పట్టీ అంటించే ‘మిర్రర్’ పడవని డైలీ మిర్రర్ పత్రిక జనంలోకి తెచ్చింది. అవి 70 వేలకు పైగా తయారయ్యాయి. తరవాత అమెరికాలో గూజన్ సోదరులు చెక్కకి అన్నివైపులా ఎపాక్సీ పట్టించే పద్ధతికి పేరు తెచ్చారు.

రెజిన్, హార్డెనర్ కలిపితే గట్టిపడేదే ఎపాక్సీ. అది చెక్కలోకి ఇంకి పట్టు బిగించాలి. నూనె ఆధారిత స్టెయిన్ పూర్తిగా ఆరకపోతే ఆ పట్టుకి అడ్డం పడుతుంది. కొన్నాళ్లకి పూత లేస్తుంది, సందులోంచి నీళ్లు చేరతాయి. పైన మెరుస్తూనే లోపల కుళ్లిపోతుంది! అందుకే నీళ్లలోనో స్పిరిట్‌లోనో కరిగే రంగులే నయం.

ముందు చెక్కని తడిగుడ్డతో తుడిచి చూడాలి. ఒట్టి ఎపాక్సీ పూసినా దాదాపు అంత ముదురు రంగు వస్తుంది. అది నచ్చితే స్టెయిన్ ఖర్చు మిగిలినట్టే. లేదూ, రంగు కావాల్సిందే అంటే... జిగురు చుక్కల్ని గీకేయాలి. అవి ఉన్నచోట రంగు ఇంకక తెల్లమచ్చలు పడతాయి. నీటిరంగు చెక్క నూగుని లేపుతుంది కాబట్టి ఓసారి తడిపి, ఆరాక గరుకు కాగితంతో మెల్లగా రుద్దాలి. రంగు వేశాక మాత్రం రుద్దకూడదు. అది పల్చటి పొర, ఇట్టే తెల్లబడుతుంది. అదే ప్లైవుడ్ ముక్కమీద రంగూ పూతా వేసి, గట్టిపడ్డాక చాకుతో లేపి చూస్తే గుట్టు తెలిసిపోతుంది. పూత ఊడి వస్తే ఆ రంగు పనికిరాదు.

నెల్లూరు ఎండల్లో ఇంకో తంటా ఉంది. ఎపాక్సీ ఒకేసారి ఎక్కువ కలిపితే గిన్నెలోనే కాగి, పొగలు కక్కి, గడ్డకడుతుంది. కొంచెం కొంచెంగా కలిపి వెడల్పాటి పళ్లెంలో పోసుకోవాలి. చేతికి తొడుగులు మర్చిపోకూడదు. పొద్దెక్కేటప్పుడు పూస్తే చెక్కలోని గాలి వేడికి ఉబ్బి పూతంతా బుడగలే. సాయంత్రం చల్లబడేటప్పుడైతే పూత లోపలికి ఇంకుతుంది. ఇంతా చేసి వదిలేస్తే ఎండ ఎపాక్సీని పసుపుపచ్చగా మార్చి పెళుసెక్కిస్తుంది, లోపలి రంగూ వెలిసిపోతుంది. ఎండని తట్టుకునే వార్నిష్ పైన వేయాలి. అది మాసినప్పుడల్లా మళ్లీ వేస్తుండాలి.