పాటలో మాట

కర్ణాటక సంగీతమునకు తెలుగు మాట ఊపిరి. ఆ ఊపిరి ఆడినది మాత్రము ఎక్కువగా కావేరీతీరమున. త్యాగరాజు (1767–1847) తిరువయ్యారున కూర్చుండి తెలుగున కృతులు రచించెను. శ్యామశాస్త్రి తంజావూరున తెలుగు స్వరజతులు కూర్చెను. ఆ పాటలను నోటనుండి నోటికి అందించి నిలిపినవారిలో పెక్కురు తమిళులు. అందుచేత తెలుగు శ్రోతకు ఒక వింత స్థితి ఏర్పడినది. మదరాసు సభలో ప్రక్క కుర్చీలోని పెద్దమనిషి రాగమునకు తల యూపుచుండగా, మనవాడు మాటకు తల యూపుచుండును. ఇద్దరును వినునది ఒకే పాట. ఎవరు ఎక్కువ వినుచున్నారు? ఈ ప్రశ్నకు నా సమాధానము వయస్సుతో పాటు మారుచు వచ్చినది.

పాట నాకు మొదట పరిచయమైనది సినిమాలలో. 1957లో వచ్చిన 'మాయాబజార్' చిత్రమున వెన్నెల పడవపాట ఒకటి కలదు. దానిని కూనిరాగము తీయని నోరు తెలుగునాట అరుదు. ఒకనాటి ఉదయము విజయవాడ రేడియోలో ఎవరో త్యాగరాజ కృతి పాడుచుండగా, ఆ పడవ మరల కదలినట్లు తోచెను. మాట వేరు, నడక వేరు. అయినను పోలిక ఏదో కలదు. వీధిలో ఆడుకొను పిల్లవాని ముక్కుతీరు చూచి, వీడు ఫలానివారి యింటివాడని చెప్పినట్లుండెను. అది మోహనరాగమని తరువాత ఎప్పుడో తెలిసినది. స, రి, గ, ప, ధ — అయిదే స్వరములు. మధ్యమ నిషాదములు లేవు. పేరు తెలిసినందువలన కలిగిన సంతోషము స్వల్పమే. పేరు తెలియక పూర్వమే చెవి చుట్టరికమును పట్టుకొన్నదే, అది గొప్ప. హిందూస్థానీలో భూప్ అను రాగము దీనికి దగ్గరి చుట్టమని వినిన నాడు, ఉత్తరాది స్టేషనుల కొరకు రేడియో ముల్లు త్రిప్పుచు ఒక రాత్రి గడిపితిని.

ఇంట గ్రామఫోను ఉండెను. నిమిషమునకు 78 చుట్లు తిరిగెడి ప్లేటు ఒక ప్రక్క సుమారు మూడు నిమిషములు మ్రోగును. ఆ మూడు నిమిషములలో విద్వాంసుడు ఏమి చేయగలడు? ఆలాపన పేరునకు మాత్రము. పల్లవి, అనుపల్లవి, చరణము పరుగున ముగించి, నాలుగు స్వరములు విసరి, సూది నడిమి బిళ్ళకు చేరక ముందే బయటపడవలెను. అట్టి ప్లేట్లపై పెరిగిన చెవికి కృతియే సంగీతము, మాటయే కృతి. కచేరిలో గాయకుడు అరగంట రాగము పాడినచో, 'పాట ఎప్పుడు మొదలగునో' యని ఎదురుచూచెడివారము. ప్రక్కకు ఇరువది నిమిషములు పాడెడి లాంగ్‌ప్లే ప్లేటు అమెరికాలో 1948లోనే వెలువడినది గాని, మన యిండ్లకు వచ్చుటకు చాల కాలము పట్టినది. ఈలోగా, 1952లో మొదలైన ఆకాశవాణి జాతీయ సంగీత కార్యక్రమము శనివారపు రాత్రులలో మాకు ఓపిక నేర్పెను.

అసలు మలుపు త్రిప్పినది నోరు లేని వాద్యము. విజయనగరము మహారాజా సంగీత కళాశాలకు అధ్యక్షులుగా ఉన్న ద్వారం వేంకటస్వామినాయుడు గారు (1893–1964) పక్కవాద్యమనుకొన్న ఫిడేలును కచేరి నడుమ కూర్చుండబెట్టిరి. తెలిసిన కృతిని వారు వాయించుచుండగా, మాటలు నా లోపల వాటంతట అవే పలుకుచుండెను. కమాను పోవునప్పుడు ఏ అక్షరము, వచ్చునప్పుడు ఏ అక్షరము అని వెంబడించుచుంటిని. ఎన్నవసారి వినినప్పుడో, ఆ వెంబడింత ఆగిపోయినది. మాట జారిపోయి, ఒక స్వరము నుండి మరియొక స్వరమునకు పోవు దారి మాత్రము మిగిలినది. మదరాసు సభలోని పెద్దమనిషి ఇన్నాళ్ళు వినుచున్నది ఇదియే కాబోలు ననిపించెను. అటుపిమ్మట కొన్నేండ్లు నాకు రాగము, తానము, పల్లవి ఉన్నదే కచేరి.

అయినను తెలుగు చెవి తెలుగు చెవియే. నెరవులో ఒకే పాదమును తిరుగవేసి పాడుదురు. భాష యెరుగని గాయకుడు మాటను నడుమ విరిచి, దాని తోకను తరువాతి మాటకు అతికించినచో, భక్తుని మొర కాస్తా అర్థము లేని శబ్దమగును. ప్రక్కవాడు ఆనందమున కన్నులు మూసికొన్న చోటనే మనము ఉలికిపడుదుము. 1940 తరువాతి యేండ్లలో తమిళ ఇసై ఉద్యమము కచేరీలలో తమిళ పాటలకు చోటు కావలెనని అడిగినది. అది తెలుగుపై కినుక యని తలచినవారు మనలో లేకపోలేదు. నాకు అది న్యాయమైన కోరికగానే తోచును. సాయంకాలమంతయు తెలియని భాషలో భక్తిని వినుడని మనలను ఎవరును అడుగలేదు గదా!

మాట నాకు మరల దక్కినది మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) గానమున. ఆయన నోట ఏ అక్షరమును నలుగదు. దీర్ఘమున్న చోట స్వరము కాళ్ళు చాపుకొనును. ద్విత్వమున్న చోట తాళము తట్టుకొని లేచును. పూర్వము నేను మాటలో అర్థమునే వింటిని. ఇప్పుడు అక్షరపు బరువును వినసాగితిని. ఇక క్షేత్రయ్య పదములను చౌకకాలమున వినవలెను. ఒక్క సంబోధనమును గాయని సాగదీసినప్పుడు అందులో చనువెంత, నిష్ఠురమెంత అనునది తెలుగు వచ్చినవానికే కట్టిన భోజనము.

నేడు చేతిలోని ఫోనులో ఒకే కృతిని అయిదుగురు పాడగా ఒక్క పూటలో వినవచ్చును. జమీందారులకును లేకుండిన భోగమిది. చిక్కొకటే: ఆలాపన కొంచెము సాగగానే వ్రేలు దానిని ముందునకు నెట్టివేయును. మూడు నిమిషముల ప్లేటు మరల మన యింటికి వచ్చినది; ఈసారి కోత మన చేతిదే.

ప్రస్తుతము నేను తోడిరాగమున చిక్కుకొని యున్నాను. శ్యామశాస్త్రి తోడి స్వరజతిలోని మాటలన్నియు తెలియును; బిడ్డ తల్లిని రమ్మనినంత తేలిక మాటలు. ఆ రాగపు గాంధారము మాత్రము ఒకచోట నిలువదు, ఊగుచునే యుండును. హార్మోనియము మెట్టుపై వ్రేలుంచి దానిని పట్టుకొనలేము. టి. ఎన్. రాజరత్నం పిళ్ళై (1898–1956) నాగస్వరమున వాయించిన తోడిని ఈ నెలయంతయు పడుకొనబోవు ముందు వినుచున్నాను. అందు మాట లేదు, పట్టుకొనుటకు కొమ్మ లేదు. నిన్న రాత్రి ఆ ఊపులో శాస్త్రిగారి పిలుపు ఒకటి వినవచ్చినట్లు తోచి, వెనుకకు జరిపి మరల వింటిని. రెండవసారి వినరాలేదు.