అతుకు దగ్గరే తుప్పు ఎందుకు?

హాస్టల్లో చేరేటప్పుడు మనందరికీ రెండు వస్తువులు ఉండేవి. ఒకటి ట్రంకు పెట్టె, రెండోది స్టీలు కంచం. రెండు వానాకాలాలు గడిచేసరికి పెట్టె అడుగు తుప్పు పట్టేది. కంచం మాత్రం ఎన్నేళ్ళు తోమినా మెరుస్తూనే ఉండేది. ఈ తేడా ఎందుకో అప్పట్లో నేనెవరినీ అడగలేదు. పదో తరగతి తర్వాత ఐ.టి.ఐ.లో వెల్డర్ ట్రేడు చదివి, పాల ట్యాంకులు తయారుచేసే షెడ్డులో పనికి కుదిరాక తెలుసుకోవలసి వచ్చింది. అది కూడా ఒక తప్పు చేశాకే.

కంచాన్ని కాపాడేది ఏమిటి?

ఉక్కులో కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉంటే దాన్ని స్టెయిన్‌లెస్ స్టీలు అంటారు. పాల ట్యాంకులకు ఎక్కువగా వాడే 304 రకంలో క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ సుమారు 8 శాతం ఉంటాయి. ఈ క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి లోహం మీద ఒక పలుచని పొర కడుతుంది. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో రెండు మూడు భాగాలంత మందం. గీత పడినా, శుభ్రంగా ఉండి గాలి తగిలితే ఆ పొర మళ్ళీ తనంతట తానే ఏర్పడుతుంది.

వెల్డింగ్‌తో వచ్చే చిక్కులు

మొదటిది వేడి. అతుకు పక్కన కొంత మేర లోహం 450 నుంచి 850 డిగ్రీల సెల్సియస్ మధ్య ఎక్కువసేపు ఉంటే, క్రోమియం అందులోని కార్బన్‌తో కలిసి లోహపు రేణువుల అంచుల్లో పేరుకుంటుంది. ఆ అంచుల పక్కన కాపలాకు చాలినంత క్రోమియం మిగలదు. ఇటుకలు గట్టిగానే ఉండి మధ్యలో సున్నం రాలిపోయిన గోడలా అవుతుంది. అందుకే కార్బన్ 0.03 శాతానికి మించని 304ఎల్ రేకు, దానికి తగిన 308ఎల్ ఫిల్లర్ రాడ్ వాడాలి. కరెంటు అవసరమైనంతే పెట్టాలి. ఒక వరుస వేశాక, అతుకు సుమారు 150 డిగ్రీలకు దిగాకే రెండో వరుస మొదలుపెట్టాలి.

రెండోది రంగు. అతుకు పక్కన కనిపించే పసుపు, నీలం చారలు చూడటానికి అందంగానే ఉంటాయి. కానీ వాటి కింద క్రోమియం తగ్గిపోయి ఉంటుంది. బయటి నుంచి టిగ్ వెల్డింగ్ చేసేటప్పుడు అతుకు వెనకవైపు కూడా ఆర్గాన్ వాయువు పంపాలి. లేకపోతే లోపలివైపు నల్లగా, గరుకుగా తయారవుతుంది. అక్కడ పాలు ఇరుక్కుంటే ఎంత కడిగినా పోవు.

మూడోది ఇనుప రజను. నేను తప్పు చేసింది ఇక్కడే. ఉదయం మామూలు ఇనుప గేటు మీద వాడిన వైర్ బ్రష్‌తోనే సాయంత్రం ట్యాంకు అతుకులు రుద్దాను. కొన్ని వారాలకే అతుకు పొడవునా గోధుమరంగు చారలు వచ్చాయని ట్యాంకు వెనక్కి వచ్చింది. మా మేస్త్రి తిట్టలేదు. బ్రష్ చేతికిచ్చి, "నీ ట్యాంకుకి తుప్పు నువ్వే పూశావురా" అన్నాడు. అతుకులన్నీ మళ్ళీ శుభ్రం చేయడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల కూలీ నాకు రాలేదు. అప్పటినుంచి స్టీలు పనికి స్టెయిన్‌లెస్ బ్రష్, గ్రైండింగ్ చక్రం వేరే పెట్టెలో తాళం వేసి ఉంచుతున్నాను.

పోయిన పొరను తిరిగి తేవడం

వెల్డింగ్ అయ్యాక పికిలింగ్ పేస్టు పూసి రంగు చారలను, వాటి కిందున్న బలహీనమైన పొరను తీసేస్తాం. ధారాళంగా నీళ్ళతో కడుగుతాం. తర్వాత నైట్రిక్ లేదా సిట్రిక్ ఆమ్లంతో శుద్ధి చేసి, మళ్ళీ కడిగి ఆరబెడతాం. ట్యాంకు పరీక్షకు నింపిన నీటిని రోజుల తరబడి నిలవ ఉంచకూడదు. ముఖ్యంగా ఉప్పు బోరు నీళ్ళయితే గుంటలు గుంటలుగా తినేస్తాయి.

తమ్ముళ్ళూ, ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి

పికిలింగ్ పేస్టులో నైట్రిక్ ఆమ్లంతో పాటు సాధారణంగా హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది. అది చర్మం గుండా లోపలికి దిగుతుంది. నొప్పి కొన్ని గంటల తర్వాత కూడా మొదలుకావచ్చు. తగిన చేతితొడుగులు, ముఖానికి షీల్డు, దగ్గర్లో నీళ్ళు, కాల్షియం గ్లూకోనేట్ జెల్ లేకుండా ఆ డబ్బా మూత తీయకండి. ఒంటి మీద పడితే వెంటనే కడిగి, జెల్ రాసి, నొప్పి లేకపోయినా ఆసుపత్రికి వెళ్ళండి. స్టెయిన్‌లెస్ వెల్డింగ్ పొగలో క్యాన్సర్ కలిగించే క్రోమియం ఉంటుంది. పొగను లాగే ఫ్యాను, సరైన మాస్కు తప్పనిసరి. ఆర్గాన్‌కు వాసన లేదు, రంగు లేదు. గాలి కన్నా బరువు కాబట్టి ట్యాంకు అడుగున నిలుస్తుంది. అందులోకి దిగిన మనిషి అరవకుండానే పడిపోతాడు. ఆక్సిజన్ కొలవకుండా, బయట కాపలా మనిషి లేకుండా, మేస్త్రి చెప్పినా సరే దిగకండి. పడినవాణ్ణి తీయడానికి ఊరికే లోపలికి దూకకండి.

కూలీ పోతే మూడు రోజులకు మళ్ళీ సంపాదించుకున్నాను. ప్రాణం అలా కాదు. ఐ.టి.ఐ.లో ఈ ట్రేడు తీసుకోవాలనుకునేవాళ్ళు వార్షికోత్సవం రోజున నన్ను కలవండి. మంచి అతుకు ఒకటి, చెడ్డ అతుకు ఒకటి ముక్కలు కోసి తెస్తాను. చేత్తో పట్టుకుని చూద్దురుగాని.

— ఒక పూర్వ విద్యార్థి