ఫుట్‌బాల్ క్రీడలో లీగు పద్ధతి – మొయినాబాద్ నేర్పే పాఠం

ఆటలో గెలుపోటములు సహజమని మనమందరం అంటూనే ఉంటాము. కాని ఓడిన జట్టుకు మరుసటి వారం మళ్లీ ఆడే అవకాశం ఉన్నదా, లేదా అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వేసుకుంటాము. ఒక ప్రాంతంలో క్రీడాకారులు తయారగుటయు, తయారు కాకపోవుటయు చాలావరకు ఈ ప్రశ్నకు లభించే సమాధానం మీదనే ఆధారపడి ఉన్నవి. చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతపు విద్యార్థులకు ఈ విషయం మరింత అవసరమైనది. దేశస్థాయి ఫుట్‌బాల్ మన గడప దగ్గరకు వచ్చిన తరువాత కూడ, మన పిల్లలకు ఏటేటా దక్కుతున్నది ఒకటి రెండు ఆటలు మాత్రమే.

ముందుగా పోటీలు జరిపే రెండు పద్ధతులను పరిశీలిద్దాము. మొదటిది నాకౌట్ పద్ధతి. ఇందులో ఓడిన జట్టు వెంటనే పోటీ నుంచి తొలగిపోతుంది. పదహారు జట్లు పాల్గొన్నాయనుకుందాము. విజేతను తేల్చడానికి మొత్తం 15 ఆటలు చాలును. అయితే వాటిలో ఎనిమిది జట్లు ఒక్కొక్క ఆట మాత్రమే ఆడి ఇంటిముఖం పడతాయి. మరి నాలుగు జట్లు రెండవ ఆటతో వెళ్లిపోతాయి. అనగా వచ్చినవారిలో ముప్పాతిక మందికి రెండు ఆటలకు మించి దక్కవు. ఎవరికి అభ్యాసం ఎక్కువ అవసరమో వారికే ఆట తక్కువగా లభించడం ఈ పద్ధతిలోని వైపరీత్యం.

రెండవది లీగు పద్ధతి. ఇందులో ప్రతి జట్టు మిగిలిన ప్రతి జట్టుతోను ఆడుతుంది. ఎనిమిది జట్లుంటే ఒక్కొక్క జట్టుకు ఏడు ఆటలు, మొత్తం మీద 28 ఆటలు. సొంత మైదానంలో ఒకసారి, ఎదుటివారి మైదానంలో ఒకసారి ఆడినచో ఒక్కొక్క జట్టుకు 14 ఆటలు, మొత్తం 56. గెలుపుకు 3 పాయింట్లు, డ్రాకు 1 పాయింటు, ఓటమికి ఏమీ లేదు. సీజను చివర అత్యధిక పాయింట్లు గలవారే విజేతలు. మొదటి వారం చిత్తుగా ఓడిన జట్టు కూడ రెండవ వారం మైదానంలోకి దిగవలసిందే. తాను చేసిన తప్పును దిద్దుకొనే వ్యవధి, దిద్దుకొన్నదానిని పరీక్షించుకొనే సందర్భం ఈ పద్ధతి ఇస్తుంది. విద్యాభ్యాసంతో పోల్చి చెప్పవలెనంటే, నాకౌట్ పద్ధతి ప్రవేశ పరీక్ష వంటిది. లీగు పద్ధతి ఏడాది పొడుగునా సాగే పాఠం వంటిది.

ఈ సత్యాన్ని గ్రహించడానికి మనం దూరం పోనక్కరలేదు. గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలకు సమీపాన, మొయినాబాద్ మండలంలోని అజీజ్‌నగర్‌లో దక్కన్ అరీనా అనే ఫుట్‌బాల్ మైదానం ఉన్నది. శ్రీనిధి దక్కన్ క్లబ్బు ఐ-లీగ్ పోటీలలో దీనిని సొంత మైదానంగా చేసుకొన్నది. 2015లో విశాఖపట్నంలో ఆరంభమైన ఈ క్లబ్బు 2021–22 సీజనులో ఐ-లీగ్‌లో అడుగుపెట్టింది. కోవిడ్ కారణంగా ఆ సీజను ఆటలన్నీ బెంగాలులోనే జరిగినవి. ఒక రౌండు ముగియగానే పోటీలు ఆగిపోయి, 2022 మార్చిలో తిరిగి మొదలైనవి. అటువంటి పరిస్థితులలోనే మన జట్టు మూడవ స్థానం పొందింది. 2022–23లో సొంత మైదానానికి వచ్చి, పంజాబు జట్టు తరువాత రెండవ స్థానంలో నిలిచింది.

2023–24 సీజను మరింత ఆసక్తికరమైనది. పదమూడు జట్లు పాల్గొన్న ఆ పోటీలలో ఒక్కొక్క జట్టు 24 ఆటలు ఆడింది. అజీజ్‌నగర్ నుంచి బయలుదేరిన ఆటగాళ్లు షిల్లాంగు, ఐజాల్ కొండల మీద, శ్రీనగర్ చలిలో, గోవా, కోజికోడ్ తీరాల ఉక్కలో ఆడవలసి వచ్చింది. కలకత్తాకు చెందిన మహమ్మడన్ స్పోర్టింగ్ 52 పాయింట్లతో ప్రథమ స్థానం పొంది, దేశంలోని అగ్రశ్రేణి పోటీ అయిన ఇండియన్ సూపర్ లీగ్‌లోకి అర్హత సంపాదించింది. శ్రీనిధి దక్కన్‌కు లభించినవి 48 పాయింట్లు. వరుసగా రెండవ ఏడు కూడ రెండవ స్థానమే.

ఈ నాలుగు పాయింట్ల వ్యత్యాసాన్ని విద్యార్థులు కొంచెం లెక్క వేసి చూడవలెను. ఒక డ్రాను గెలుపుగా మార్చుకొన్నచో అదనంగా వచ్చేవి రెండు పాయింట్లు. ఇరవై నాలుగు ఆటలలో రెండే రెండు డ్రాలు గెలుపులుగా మారి ఉంటే పాయింట్లు సమానమయ్యేవి. ఏ నవంబరు సాయంకాలమో చివరి నిమిషంలో చేజారిన ఒక గోలు విలువ ఏప్రిల్ నెలలో గాని తెలియదన్నమాట. లీగులో ప్రతి ఆటకూ సమానమైన బరువు ఉంటుంది. చిన్న జట్టుతో ఆట కదా అని ఏమరుపాటుకు తావు లేదు. ఒక్కనాటి ప్రతిభను గాక, ఆరు నెలల నిలకడను తూచే త్రాసు ఇది.

ఇక యువకులను తీర్చిదిద్దడానికే ఏర్పడిన లీగుల సంగతి. అమెరికాలో ప్రీమియర్ డెవలప్‌మెంట్ లీగ్ అనే పోటీ చాలాకాలం జరిగింది. 2019 నుంచి దానిని యు.ఎస్.ఎల్. లీగ్ టూ అని పిలుస్తున్నారు. అందులో ఆడేవారిలో అధిక సంఖ్యాకులు కళాశాల విద్యార్థులు. కళాశాలలకు సెలవులుండే వేసవి నెలలలో ఈ లీగు జరుగుతుంది. జీతం పుచ్చుకొన్నచో కళాశాల జట్టులో ఆడే అర్హత పోవునన్న నియమం వల్ల ఆ విద్యార్థులు వేతనం లేకుండానే ఆడుతారు. చదువు మానకుండా, ఆట తప్పకుండా రెండింటినీ ఒకే పంచాంగంలో ఇమిడ్చిన ఏర్పాటు ఇది. మనం గమనించవలసినది వారి ధనాన్ని కాదు, వారి పంచాంగాన్ని.

మన దేశంలో కూడ ఇటువంటి ప్రయత్నం జరిగింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2010లో యువకులతో ఒక జట్టును ఏర్పరచి ఐ-లీగ్‌లో పెద్దవారితో ఆడించింది. ఇండియన్ ఆరోస్ పేరుతో ప్రసిద్ధమైన ఆ జట్టు 2013లో మూతపడి, 2017లో పునరుద్ధరింపబడి, 2022 వరకు కొనసాగింది. 2017–18 సీజనులో అది పది జట్లలో చిట్టచివరి స్థానంలో నిలిచింది. అయినా దానిని క్రింది తరగతికి దించలేదు. గెలుపు కోసం గాక నేర్చుకొనుట కోసమే ఆ జట్టును నిలిపారు. ఆనాడు ఆ జట్టులో ఆడిన జీక్సన్ సింగ్, సురేశ్ సింగ్ వాంగ్జమ్ తరువాత భారత జాతీయ జట్టులో ఆడారు. పట్టికలో చివరి వరుసలో ఉన్నవారికి కూడ ఆటలు దక్కడం వల్ల కలిగిన ఫలితమిది.

అసలు ఈ విద్య హైదరాబాదుకు కొత్తది కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, ఉపాధ్యాయ వృత్తి చేపట్టిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదు పర్యాయాలు బొంబాయి రోవర్స్ కప్ గెలుచుకొన్నది. ఆయన శిక్షకుడుగా ఉండగా భారత జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడల స్వర్ణ పతకాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానం పొందింది. రహీమ్ సాహెబ్ కుర్రవాళ్ల కోసం ప్రత్యేక నియమాలతో పోటీలు జరిపేవారు. బలహీనమైన కాలితోనే బంతిని తన్నవలెనన్నది అటువంటి నియమాలలో ఒకటి. గెలుపును కాదు, లోపాన్ని సరిదిద్దుకొనడాన్ని లక్ష్యంగా పెట్టిన పోటీలవి. నేడు ‘డెవలప్‌మెంట్’ అని పిలుస్తున్న భావన ఆనాడే ఈ నగర మైదానాలలో ఆచరణలో ఉండినదనడంలో అతిశయోక్తి లేదు.

ఆ వైభవం నిలవలేదు. అలాగే 2019లో ఏర్పడి, 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచిన హైదరాబాద్ ఎఫ్.సి. కూడ 2025లో ఢిల్లీకి తరలిపోయి వేరొక పేరు ధరించింది. దేశ విజేత అయిన క్లబ్బే మూడేళ్లు తిరిగేసరికి ఊరు విడిచిపోగలిగినప్పుడు, కేవలం ప్రేక్షకులుగా ఉన్నవారికి మిగిలేది జ్ఞాపకం మాత్రమే. ఊరిలో నిలిచేది ఊరివారు ఆడుకొనే ఆట ఒక్కటే.

కనుక కళాశాల కార్యవర్గం వారి ముందు ఒక సూచన ఉంచుతున్నాను. చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి, షాబాద్ మండలాలలోని కళాశాలలు, ఉన్నత పాఠశాలలు కలిసి ఎనిమిది జట్లతో ఒక చిన్న లీగు జరపడం అసాధ్యం కాదు. వానలు వెనుకబట్టిన తరువాత నవంబరులో మొదలుపెట్టి, వారానికొక ఆట చొప్పున ఏడు ఆదివారాలలో ముగించవచ్చును. సంక్రాంతికి ముందే విజేత తేలిపోతాడు. వార్షిక పరీక్షలకు తగినంత వ్యవధి మిగులుతుంది.

ఏ వారం ఎవరు ఎవరితో ఆడవలెనో నిర్ణయించడానికి సులభమైన ఉపాయం ఉన్నది. జట్లకు 1 నుంచి 8 వరకు సంఖ్యలిచ్చి, మొదటి వారం 1–8, 2–7, 3–6, 4–5 జతలుగా ఆడించవలెను. తరువాత 1ని కదపకుండా మిగిలిన ఏడింటిని వలయంలో ఒక్కొక్క స్థానం జరపవలెను. అప్పుడు రెండవ వారం 1–7, 8–6, 2–5, 3–4 జతలు వస్తాయి. ఇట్లు ఏడుసార్లు చేసినచో ఏ జతయు రెండవసారి రాకుండ 28 ఆటలు పూర్తవుతాయి. గణిత విద్యార్థులు కాగితం మీద వేసి చూసుకొనవచ్చును.

ఆటల వల్ల చదువు చెడుతుందని తల్లిదండ్రులు అనుకోవడం సహజమే. కాని నాకౌట్ టోర్నమెంటుకు వెళ్లిన విద్యార్థి వరుసగా మూడు నాలుగు రోజులు తరగతులకు దూరమవుతాడు. ఎన్నాళ్లు ఉండవలసి వచ్చునో ముందుగా తెలియదు. లీగులో ఏ తేదీన ఆట ఉన్నదో మొదటి దినాననే గోడకు అంటించవచ్చును. తరగతికి ఒక్క గంట కూడ నష్టం ఉండదు. ఖర్చు కూడ స్వల్పమే: బంతులు, గీతలకు సున్నం, నిబంధనలు తెలిసిన రెఫరీలు, పొరుగూరికి బస్సు చార్జీలు. రెఫరీ పని నేర్చుకొనుట, పట్టిక వ్రాయుట, ఆట వివరాలను ఉర్దూ తెలుగు భాషలు రెండింటిలోను నోటీసు బోర్డుపై ప్రకటించుట ఆడని విద్యార్థులకు తగిన పనులు. విద్యార్థినులకు కూడ ఇటువంటి ఏర్పాటు వేరుగా ఉండవలెను. నిజామాబాద్ జిల్లాలోని ఒక తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య భారత మహిళా జట్టులో ఆడినది. మన ఆడపిల్లలకు లోపించినది శక్తి కాదు, ఆటల పట్టికలో చోటు.

విద్యార్థి మిత్రులారా! ఈ లీగు నుంచి జాతీయ క్రీడాకారుడు వస్తాడని వాగ్దానం చేయలేము. కాని ఏడు వారాలు వరుసగా ఓడినా ఎనిమిదవ స్థానంలో నిలిచి, చివరి ఆదివారం కూడ పదకొండుమందితో వేళకు మైదానంలో దిగిన జట్టును మనం చూడగలము. ఆ జట్టుకు కూడ ప్రథమ జట్టుతో సమానంగా ఏడు ఆటలు దక్కి ఉంటాయి. వచ్చే నవంబరులో ఆ పిల్లల ఆట ఎట్లుంటుందో అప్పుడు పోల్చి చూసుకొనవచ్చును.