రోడ్డు రెయిలింగ్: మధ్యలో కాపాడుతుంది, కొస దగ్గర ప్రాణం తీయొచ్చు

నిజామాబాద్, కామారెడ్డి నుంచి ఉమ్రాకు బయల్దేరే కుటుంబాలు మేడ్చల్ దగ్గర ఔటర్ ఎక్కుతాయి. కరీంనగర్, సిద్దిపేట వాళ్లు శామీర్‌పేట దగ్గర ఎక్కుతారు. చాలావరకు రాత్రి ప్రయాణమే. పెద్దవాళ్లను శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దింపి, దారిలో ఎక్కడో ఫజర్ నమాజ్ చదివి, అదే కారులో ఇంటికి తిరుగు ప్రయాణం. డ్రైవింగ్ సీట్లో ఉన్న అబ్బాయికి రాత్రంతా నిద్ర ఉండదు. వెనక సీట్లో ఖాలా, పిల్లలు నిద్రలో ఉంటారు.

ఒక్క క్షణం రెప్ప వాలితే చాలు, కారు పక్కకు జారుతుంది. రెయిలింగ్ ఉంది కదా, ఆపేస్తుంది కదా అనుకుంటాం. మధ్యలో తగిలితే చాలావరకు ఆపుతుంది. కొసకు ఎదురుగా వెళ్లి గుద్దితే మాత్రం కథ వేరు.

2024 ఫిబ్రవరి 23న ఔటర్‌పై పటాన్‌చెరు దగ్గర కారు రెయిలింగ్‌ను ఢీకొన్న ప్రమాదంలో కంటోన్మెంట్ ఎమ్మెల్యే లాస్య నందిత చనిపోయారు. అప్పుడు అందరూ అతివేగం గురించి, డ్రైవర్ నిద్రమత్తు గురించి మాట్లాడారు. అవి మాట్లాడాల్సినవే. కానీ రోడ్డు పక్కన నిలబెట్టిన ఇనుము ఎలా ఉండాలన్న ప్రశ్న మన చర్చల్లోకి పెద్దగా రాదు. ఏ ప్రమాదం జరిగినా అంతే.

ఇంజినీర్లు క్రాష్ బ్యారియర్ అంటారు, మనం రెయిలింగ్ అంటాం. ఇంగ్లిష్ డబ్ల్యూ అక్షరంలా ఒంపులు తిరిగిన 3 మిల్లీమీటర్ల మందం స్టీలు రేకు అది. వరసగా పాతిన స్తంభాలకు బిగిస్తారు. కారు పక్కవాటుగా వచ్చి తగిలితే రేకు లాగిపట్టిన తాడులా పనిచేస్తుంది. కొంచెం వంగుతుంది, కారును ఒరుసుకుంటూ ముందుకు నడిపిస్తుంది, మెల్లగా వేగం తగ్గిస్తుంది. లోయలోకో, చెరువులోకో, ఎదురుగా వచ్చే లారీ కిందకో పోకుండా కాపాడుతుంది. తాడు బిగువుగా ఉండాలంటే రెండు చివర్లా గట్టిగా కట్టి ఉండాలి కదా. అందుకే కొసను నేలలో బలంగా బిగించక తప్పదు. చిక్కంతా ఇక్కడే ఉంది. గట్టిగా బిగించిన ఆ కొస కారుకు నేరుగా ఎదురైతే ఈటెలా మారుతుంది. రేకు ఇంజన్ పక్కనుంచో, తలుపులోంచో లోపలికి దూసుకొస్తుంది. అక్కడ సీటు బెల్టు, ఎయిర్ బ్యాగ్ చేయగలిగింది చాలా తక్కువ.

మన రోడ్ల మీద తరచూ కనిపించేది చేప తోక కొస. రేకు చివర చేప తోకలా విప్పారిన ముక్క ఒకటి బిగించి వదిలేస్తారు. చూడ్డానికి పని పూర్తయినట్టే ఉంటుంది. దానివల్ల రేకు అంచు బయటికి కనపడదు, అంతే. కారు వేగాన్ని అది మింగదు.

ఈ సమస్యను మొదట ఎదుర్కొన్నవాళ్లలో అమెరికా వాళ్లు ఉన్నారు. అక్కడ కొసలు కార్లలోకి దూసుకుపోవడం చూసి, రేకును మెలితిప్పి నేలలోకి దించి పాతిపెట్టడం మొదలుపెట్టారు. ఈటె పోయింది, కానీ దాని స్థానంలో ర్యాంపు వచ్చింది. వేగంగా వచ్చిన కారు ఆ వాలు మీదకెక్కి గాల్లోకి లేచి పల్టీ కొట్టేది. చివరికి 1990లలో, వేగం ఎక్కువుండే ముఖ్య రహదారులపై కొత్తగా అలా పెట్టొద్దన్నారు. మన దగ్గర ఈ నేలలోకి దించిన కొసలు ఇప్పటికీ చాలాచోట్ల ఉన్నాయి. వేగం తక్కువున్న వీధిలో అయితే సరే గానీ హైవే మీద అవి పనికిరావు.

మరి ఎలా ఉండాలి? స్థలం ఉంటే రేకును రోడ్డు నుంచి దూరంగా వంచుతూ తీసుకెళ్లి, పక్కనున్న మట్టి గట్టులోకి పాతేయడం మంచి పద్ధతి. అప్పుడు గుద్దడానికి కొస అనేదే మిగలదు. గట్టు లేని చోట శక్తిని మింగే కొసలు పెడతారు. రేకు చివర ఒక పెద్ద ఇనుప తల ఉంటుంది. కారు దాన్ని గుద్దగానే ఆ తల రేకు వెంట వెనక్కి జరుగుతూ, రేకును తనలోంచి లాగి, చదునుగా నలిపి, రోడ్డుకు అవతలి వైపు రిబ్బన్‌లా బయటికి పంపుతుంది. చెరకు మిషన్‌లో గడ ఒకవైపు వెళ్లి మరోవైపు పిప్పిగా వచ్చినట్టు. మొదటి స్తంభాలు కూడా విరిగిపోయేలాగే తయారుచేస్తారు. రేకును అలా నలపడానికి కారు తన వేగమంతా ఖర్చుపెడుతుంది, లోపలున్న మనుషుల జోలికి రాదు.

లెక్క చూస్తే సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. 100 కిలోమీటర్ల వేగంతో గుద్దడమంటే దాదాపు 39 మీటర్ల ఎత్తు నుంచి, అంటే 13 అంతస్తుల మీద నుంచి కారు కింద పడటంతో సమానం. ఆ కారు ఒక్క మీటరు దూరంలో ఆగితే ఒంటి మీద పడే బలం సగటున మన బరువుకు 39 రెట్లు. అదే 10 మీటర్లలో ఆగితే 4 రెట్లు. మంచి కొస మనకు కొనిపెట్టేది ఆ తొమ్మిది మీటర్లే.

ఇంకో విషయం. అమెరికాలో ఇలాంటి కొసలను పరీక్షించే వేగం సాధారణంగా గంటకు 100 కిలోమీటర్లు. 2023లో మన ఔటర్‌పై కుడివైపు లేన్లలో గరిష్ఠ వేగాన్ని 100 నుంచి 120కి పెంచారు. వేగం 20 శాతం పెరిగితే ఢీకొనే శక్తి 44 శాతం పెరుగుతుంది. 13 అంతస్తులు కాస్తా 18 దాటుతాయి. అంటే మంచి కొస పెట్టినా 120 మీద వెళ్లేవాడికి పూర్తి భరోసా లేదన్నమాట.

సామాను మంచిదైనా కొలత మారితే ఏమవుతుందన్న గొడవ అమెరికాలో కోర్టుకెక్కింది. ట్రినిటీ ఇండస్ట్రీస్ అనే కంపెనీ 2005లో తన ఈటీ ప్లస్ కొసలో రేకు జారే గాడి వెడల్పును 5 అంగుళాల నుంచి 4కి తగ్గించింది. ఆ మార్పును అప్పట్లో ప్రభుత్వానికి తెలపలేదు. జోషువా హార్మన్ అనే పోటీ వ్యాపారి దాన్ని పట్టుకుని కేసు వేశాడు. 2014లో జ్యూరీ కంపెనీకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది, 2015లో కోర్టు 66 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. 2017లో పైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది, ప్రభుత్వం ఆ పరికరాన్ని తప్పుపట్టలేదన్నది అక్కడ పెద్ద కారణమైంది. ఎవరిది న్యాయమన్నది అలా ఉంచితే, ఒక్క అంగుళం మీద అన్నేళ్లు వాదించుకున్న సంగతి గుర్తుంచుకోవాలి. మనకు ఆ కొసను ఎవరు కొలిచారని అడిగే అలవాటే లేదు.

మన దగ్గర రూల్సు లేవని కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2015లోనే ఐఆర్‌సీ 119 పేరుతో ఈ బ్యారియర్ల కోసం విడిగా మార్గదర్శకాలు తెచ్చింది. అమలు దగ్గరే తేడా. రాజీవ్ రహదారి లాంటి రోడ్డు పక్కన హోటల్ కోసమో, వెంచర్ దారి కోసమో రెయిలింగ్‌ను కోసి గ్యాప్ చేశారనుకోండి. కోసిన చోట రెండు కొత్త కొసలు పుడతాయి. వాటిలో ఒకటి వచ్చే బండికి నేరుగా ఎదురుగా ఉంటుంది. దాన్ని ఏ ఇంజినీరూ డిజైన్ చేయలేదు. ఔటర్ సర్వీసు రోడ్ల మీద రెండు వైపులా బండ్లు నడుస్తాయి కాబట్టి అక్కడ రెండు కొసలూ ఎవరికో ఒకరికి ఎదురే. టూవీలర్లు తిరిగేదీ అక్కడే. బైకు మీద ఉన్నవాళ్లకు ఈ శక్తి మింగే కొసలు కూడా పెద్దగా ఆసరా కావు, కార్ల బరువును లెక్కలో పెట్టుకుని చేసినవి అవి.

మరో ప్రమాదకరమైన చోటు, ఎగ్జిట్ చీలే దగ్గర. మేడ్చల్‌కు దిగాలా, ముందుకు పోవాలా అని ఆఖరి క్షణంలో తేల్చుకునేవాళ్లు ఆ చీలిక ముక్కు మీదకే వెళ్తారు. అక్కడ రెయిలింగ్ కాదు, మెత్తటి దిండు లాంటి ఏర్పాటు కావాలి. ఇసుక నింపిన ప్లాస్టిక్ డ్రమ్ముల వరస అందులో ఒకటి. ముందు డ్రమ్ముల్లో తక్కువ ఇసుక, వెనక వాటిలో ఎక్కువ. దీన్ని తయారుచేసినవాడు జాన్ ఫిచ్ అనే అమెరికన్ రేస్ డ్రైవర్. 1955లో ఫ్రాన్స్‌లోని లె మాన్ రేసులో అతనితో వంతులవారీగా కారు నడపాల్సిన పియెర్ లెవె ప్రమాదంలో చనిపోయాడు, జనంలో 80 మందికి పైగా పోయారు. ఆ తర్వాతే ఫిచ్ ఈ పని మీద పడ్డాడు. అంత ఖరీదైన టెక్నాలజీ ఏమీ కాదు.

ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట వరకు ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చి 7న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. ఎక్కే దారి, దిగే దారి ఉన్న ప్రతిచోటా ఇలాంటి ముక్కులు, కొసలు వస్తాయి. కట్టేశాక మార్చడం కంటే కాగితం మీద ఉన్నప్పుడు అడగడం తేలిక.

అడిగే హక్కు చట్టంలో ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 198ఎ సెక్షన్ ప్రకారం, రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణలో ప్రమాణాలు పాటించక ఎవరైనా చనిపోతే లేదా అంగవైకల్యం పాలైతే బాధ్యులకు లక్ష రూపాయల వరకు జరిమానా పడుతుంది. ఒక ప్రాణానికి లక్షేనా అంటే, అవును, అంతే. కానీ తప్పు డ్రైవర్‌దే అని చేతులు దులుపుకునే దారి కొంత మూసుకుంది.

మేడ్చల్ మీదుగా పోయే 44వ నంబర్ జాతీయ రహదారిపై విరిగిన, కోసేసిన రెయిలింగ్ కనిపిస్తే 1033కి ఫోన్ చేయొచ్చు. రాజీవ్ రహదారి రాష్ట్ర రహదారి కాబట్టి ఫిర్యాదు రోడ్లు భవనాల శాఖకు వెళ్లాలి. ఔటర్ అయితే హెచ్ఎండీఏకు. 2023లో 7,380 కోట్లకు 30 ఏళ్ల లీజు తీసుకుని టోల్ వసూలు చేస్తున్నది ఐఆర్‌బీ. కిలోమీటరు రాయి నంబర్, ఏ వైపు వెళ్తుంటే కనిపించిందో తప్పక చెప్పాలి. ఫొటో తీసేది పక్క సీట్లో ఉన్నవాళ్లే, నడిపేవాళ్లు కాదు. ఒకసారి కారు గుద్ది నలిగిపోయిన కొస రెండోసారి పనిచేయదు. కాబట్టి వంగిన కొసను చూసి "ఎవరో అప్పటికే చెప్పి ఉంటారులే" అని వదిలేయకండి.