ఏనుగులిచ్చిన అమ్మవారు

ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లాలో తెలుగు బాగా వినిపించే ఊరు భోపాలపట్నం. అక్కడినుంచి 163వ నంబరు జాతీయ రహదారి ముల్లకట్ట దగ్గర గోదావరి దాటి, ఏటూరునాగారం, ములుగు మీదుగా హనుమకొండ చేరుతుంది. హనుమకొండ వచ్చినవాళ్లు నేరుగా వేయిస్తంభాల గుడికి పోతారు. కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి, పోవాల్సిందే. అయితే అంతకు 46 ఏళ్ల ముందే ఈ ఊరి గుట్ట మీద ఒక జైన బసది ఉండేది. ఇప్పుడది పద్మాక్షి అమ్మవారి గుడి.

మెట్లెక్కి పైకి పోతే గుడి ముందర నల్లరాతి స్తంభం కనిపిస్తుంది. దానికి నాలుగు ముఖాలు, ప్రతి ముఖం మీదా ఒక జినుడు. స్తంభం మీద చెక్కింది 1117 నాటి శాసనం. కాకతీయులు అప్పటికి కల్యాణి చాళుక్యుల సామంతులు కాబట్టి రాత కన్నడంలో సాగింది. రెండో ప్రోలరాజు మంత్రి బేతన పెర్గడ. ఆయన భార్య మైలమ ఈ గుట్ట మీద కడలాలయ బసది కట్టించి, దాని పోషణకు భూమి రాసిచ్చిందని అందులో ఉంది. తొలి కాకతీయులు జైనులా, శైవులా అన్న తగువు చరిత్రకారుల్లో తెగలేదు గానీ, వాళ్ల కొలువులో ఒక ఇల్లాలు జినుడికి గుడి కట్టించడానికి ఎవరి అడ్డూ లేకపోయిందన్నది మాత్రం రాతిమీది మాట.

శాసనంలో నన్ను పట్టి నిలిపింది మాత్రం మరో దాత. ఉగ్రవాడి పాలకుడు మేళరసు. తానూ భూమి ఇస్తూ, తన వంశ మూలపురుషుడు మాధవవర్మ అని చెప్పుకున్నాడు. ఆ మాధవవర్మకు ఎనిమిది వేల ఏనుగులు, పది కోట్ల గుర్రాలు, లెక్కలేనంత కాల్బలం ఉండేవట! మాధవవర్మకు ఆ బలం యక్షేశ్వరి అనే జైన దేవత దయవల్ల వచ్చిందని 1123 నాటి గోవిందాపురం శాసనం చెబుతుంది. లెక్కను నమ్మనక్కర్లేదు, మాధవవర్మ పేరును గుర్తుపెట్టుకోండి.

ఎందుకంటే కొన్ని శతాబ్దాల తర్వాత కాసె సర్వప్ప ద్విపదలో రాసిన ‘సిద్ధేశ్వర చరిత్ర’లో ఇదే కథ మళ్లీ కనిపిస్తుంది. మాధవవర్మ అతడే, వరంగా దొరికిన సేనా అదే. వరమిచ్చిన తల్లి మాత్రం పద్మాక్షి. బసది గుడిగా మారినా భక్తుల నోట్లో కథ చెక్కుచెదరలేదు. లోపలికి పోతే ఆ మార్పు కళ్లకే కనిపిస్తుంది. పార్శ్వనాథుడు, అటూ ఇటూ ధరణేంద్ర యక్షుడు, పద్మావతి యక్షి. జైనుల లెక్కలో యక్షి తీర్థంకరుడికి పరిచారిక, కాపలాదేవత. సంసారుల మొక్కులు వినేది ఆవిడే. వీతరాగుడైన జినుడు వరాలివ్వడు గదా! పిల్లల కోసం, పంట కోసం, యుద్ధంలో గెలుపు కోసం జనం ఆవిడ్నే అడిగారు. అడగ్గా అడగ్గా గుడి ఆవిడదే అయింది. శిల్పాలకు పూసిన మెరిసే రంగులు చరిత్రకారుడికి కంటగింపే. కానీ కొలుపు ఆగని చోట రంగులు తప్పవు.

బస్తర్ పాఠకులకు ఈ కథ కొత్తేమీ కాదు. ఓరుగల్లు పడిపోయాక కాకతీయ వంశపు అన్నమదేవుడు ఇంద్రావతి తీరానికి వచ్చాడని, అమ్మవారు వెనకాలే నడిచిందని, వెనుదిరిగి చూడొద్దన్న షరతు పెట్టిందని అక్కడ చెప్పుకుంటారు. ఇసుకలో అందెల చప్పుడు ఆగేసరికి ఆయన తిరిగి చూశాడు, ఆవిడ ఆగిపోయింది. శంకిని, డంకిని కలిసేచోట దంతేశ్వరి గుడి వెలిసింది. రాజుకు సేననో రాజ్యాన్నో ఇచ్చే అమ్మవారి కథ గుట్ట మీది యక్షి నుంచే అడవిదాకా నడిచిందని శాసనం చూపి రుజువు చేయలేం. కానీ ఈ రెండు కథలూ ఒక ఇంటివేనని నాకనిపిస్తుంది.

బతుకమ్మ నాడు గుట్ట కింది గుండం దగ్గర వేలమంది ఆడవాళ్లు చేరతారు. పండుగ చూడాలంటే ఆ రోజే రండి. శాసనస్తంభం తీరిగ్గా చూడాలంటే మామూలు రోజు పొద్దున్నే రండి. మరో గంట చేతిలో ఉంటే ఊళ్లోనే అగ్గలయ్య గుట్ట ఉంది, అక్కడా బండ మీద తీర్థంకరులున్నారు. అగ్గలయ్య పేరు మోసిన జైన వైద్యుడు. 1034 నాటి సైదాపురం శాసనం ఆయన శస్త్రచికిత్స నేర్పును పొగిడింది.